పరస్తానం పెట్టిన బ్యాగు

బ్యాగు అడుగు దాకా చెయ్యి పెట్టి తడిమింది రమాదేవి. పాస్‌పోర్టు లేదు.

రెండోసారి తడమలేదు. జిప్పు పూర్తిగా లాగి, వరండాలో పరిచిన చాప మీద బ్యాగును బోర్లించింది. సర్టిఫికెట్ల కవరు పడింది. మెడికల్ రిపోర్టు, ఫొటోలు, రియాద్ ఆసుపత్రి పంపిన కాంట్రాక్టు, ఒక జత బట్టలు పడ్డాయి. ముదురు నీలం అట్ట మాత్రం కనిపించలేదు.

సందులో సల్మాన్ కారు ఇంజను ఆపకుండా నిలబెట్టాడు. "అక్కా, సాగర్ దాకా మనం చెప్పినట్టు వింటది బండి. హైదరాబాద్ ట్రాఫిక్ వినదు. ఎక్కు తొందరగా!" అని అరిచాడు.

"పాస్‌పోర్టు లేదురా."

ఇంజను ఆగిపోయింది.

ఈ మధ్యాహ్నం హైదరాబాద్‌లోని వీసా సెంటర్లో వేలిముద్రలు వేసి, పాస్‌పోర్టు అప్పజెప్పాలి. దాని మీద స్టాంపు పడితేనే రియాద్‌లో ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం. ఆసుపత్రి పెట్టిన గడువు ఇక పొడిగించరు. ఇవాళ్టి స్లాట్ తప్పితే ఆ ఉద్యోగం వరసలో తర్వాత ఉన్న మనిషిది. రెండు ఇంటర్వ్యూలు పోయాక, పట్టుబట్టి మూడోదాన్ని గెలిచింది రమాదేవి. దాన్ని ఇలా ఒక వరండాలో పోగొట్టుకునే ఉద్దేశం ఆమెకు లేదు.

"కంగారుపడమాక అమ్మాయ్," అంటూ లోపల్నుంచి వచ్చాడు గురవయ్య.

ఈ ఇల్లు ఆయనదే. రమాదేవికి మేనమామ. మాచర్ల బస్టాండు దగ్గరున్న రక్తపరీక్షల ల్యాబ్ కూడా ఆయనదే. బోర్డు మీద పేరు ఆయనది, లోపల సూది పట్టే చెయ్యి మాత్రం రమాదేవిది. చదువు అయిన దగ్గర్నుంచీ అక్కడే పనిచేస్తోంది. ఆమె చేస్తే నొప్పి తెలీదని రెంటచింతల నుంచి కూడా జనం వస్తారు.

"నీ కోసం ఇవాళ నేను కోడి కంటే ముందు లేచా తెలుసా? మీ అత్తకి బియ్యం కూడా నేనే కొలిచిచ్చా, దారిలోకి పులిహోర కలపమని. ముందు రెండు ముద్దలు తిను. ఎక్కడ పెట్టావో అదే గుర్తొస్తది."

"నేను బ్యాగులో పెట్టా మామయ్యా. నా చేత్తో పెట్టి జిప్పు వేశా."

"మరి రెక్కలొచ్చి పోయిందా?"

రమాదేవి ఖాళీ బ్యాగును పక్కకి నెట్టింది. బ్యాగు తన కళ్ళ ముందు లేని సమయం ఎంతో ఆలోచించింది. నిన్న పొద్దుటి నుంచి ఇప్పటిదాకా.

నిన్న బ్యాగును ఈ ఇంటికి పరస్తానం పంపారు. ప్రయాణం వేళకి వర్జ్యం ఉంటే, ముందురోజే మంచి గడియ చూసి సామాను వేరే ఇంటికి చేరుస్తారు. దాంతో ప్రయాణం మొదలైనట్టే లెక్క. మర్నాడు మనిషి ఏ వేళకి కదిలినా దోషం అంటదు. ఒకసారి గడప దాటిన సామాను మళ్ళీ సొంతింటికి రాకూడదు. అందుకే రమాదేవి పాస్‌పోర్టుతో సహా అన్నీ సర్ది పంపేసింది. ఇవాళ ఇక్కడికొచ్చి బ్యాగు తీసుకుని కారెక్కాలి. ఎందుకైనా మంచిదని ఒక్కసారి తెరిచి చూసింది.

చూడకపోతే వీసా సెంటర్ కౌంటర్ దగ్గర తెలిసేది.

"నిన్న బ్యాగు మోసుకొచ్చింది ఎవరు?" గురవయ్య చూపు కారు వైపు తిరిగింది. "వీడేగా?"

సల్మాన్ కారు దిగాడు. "బాబాయ్, తెచ్చి నీ చేతికిచ్చా. నీ చేతిలోంచి నీ దేవుడి గదిలోకి పోయింది. నన్నేమన్నా అందులోకి రానిచ్చావా, దొంగతనం చెయ్యడానికి?"

"నోరు చూడు వీడికి!"

"సల్మాన్‌ని అనమాక మామయ్యా," అంది రమాదేవి. "నిన్న వాడు తెచ్చాక ఫోన్ చేసి చెప్పావు. అన్నీ ఉన్నాయి, పాస్‌పోర్టు కూడా చూశానన్నావు. అంటే అది ఈ ఇంటిదాకా వచ్చింది. ఈ ఇంట్లోనే పోయింది."

గురవయ్య ఒక్క క్షణం మాట తడుముకున్నాడు. "చూశాననే అనుకున్నా. ఏదో అట్ట కనపడింది."

కూతుర్ని సాగనంపడానికి వెంట వచ్చిన తల్లి లక్ష్మీతిరుపతమ్మ చాప మీద కూలబడింది. "ఒరేయ్ తమ్ముడూ, ఇప్పుడేం చెయ్యాలిరా?"

"ఏం చేస్తాం అక్కా. పోలీస్ కంప్లైంటు, కొత్త పాస్‌పోర్టు. నిదానంగా అయ్యే పని. రాసిపెట్టి లేదనుకోవాలి." ఆయన జేబులోంచి ల్యాబ్ తాళాలు తీసి రమాదేవి ముందు పెట్టాడు. "ఖాళీగా కూర్చుంటే దిగులు. పోయి ల్యాబ్ తెరువమ్మా. పొద్దున్నుంచి జనం వచ్చి పోతన్నారు."

రమాదేవి తాళాల వైపు చూసింది. ముట్టుకోలేదు. చీర కొంగు నడుముకు దోపింది.

"పాస్‌పోర్టు దొరికిందాకా నేను ఈ ఇంట్లోంచి కదలను. సల్మాన్, నువ్వు కారు తిప్పి పెట్టు."

"తిప్పే ఉంది అక్కా."

అప్పుడు పక్క సందులోంచి సన్నాయి మోగింది. వెనకే డోలు. నాగభూషణరావు ఇంటి ముందు పెళ్ళికొడుకును కారెక్కిస్తున్నారు. కొబ్బరికాయ పగిలిన చప్పుడు, ఆడవాళ్ళ నవ్వులు గోడ దాటి వచ్చాయి.

రమాదేవి తల పక్కకి వంచి విన్నది. మెల్లగా తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, ఇప్పుడు వర్జ్యం అన్నారుగా?"

"అవునే. అందుకేగా పరస్తానం..."

"మరి నాగభూషణరావు గారు వర్జ్యంలో కొడుకుని పెళ్ళికి తరలిస్తన్నాడేంది?"

నాగభూషణరావు సంగతి మాచర్లంతా ఎరుగుదురు. పంతుల్ని అడగకుండా గోడకి మేకు కూడా కొట్టడు.

"వర్జ్యం లేదమ్మా. ఎప్పుడూ లేదు. నా బ్యాగు ఒక రాత్రి ఈ ఇంట్లో ఉండాలని ఎవరో వర్జ్యం పుట్టించారు. నీకెవరు చెప్పారు?"

తల్లి వేలు లేచింది. అది తలుపు వెనక, పులిహోర డబ్బా పట్టుకుని నిలబడ్డ మనిషిని చూపించింది.

నాగమ్మ. గురవయ్య భార్య.

"అత్తా, నీకెవరు చెప్పారు?"

నాగమ్మ పెదవులు తడుపుకుంది. "ఇంట్లోవాళ్ళు."

"ఇంట్లోవాళ్ళు అంటే?"

ఆమె తల దించేసింది. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని నాగమ్మ భయం. ఆధార్ సెంటర్లో భర్త పేరు అడిగితే రమాదేవిని తీసుకెళ్ళి చెప్పించింది. ల్యాబ్‌లో రక్తం ఇచ్చినప్పుడు భర్త పేరు అడిగితే గోడ మీది బోర్డు చూపించింది. ఆ కబురు చెప్పుకుని సందంతా నవ్వుకున్నారు.

గురవయ్య చటుక్కున అందుకున్నాడు. "ఇంట్లోవాళ్ళంటే ఎవరే? ఇంట్లో పొద్దస్తమానం ఉండేది నువ్వేగా! అక్కా, నాకిప్పుడు అర్థమైంది. దీనికి ముందు నుంచీ రమ మీద కుళ్ళు."

నాగమ్మ డబ్బా కింద పెట్టి భర్త వైపు చూసింది.

రమాదేవికి అక్కడ పెట్టిన డబ్బాలో పసుపు పచ్చగా పులిహోర కనిపించింది. దాన్ని చూస్తూ నిలబడింది. కోడి కంటే ముందు లేచాడు. బియ్యం తనే కొలిచిచ్చాడు. మంచినీళ్ళు కూడా కూర్చున్న చోటికే తెప్పించుకునే మనిషి. వంటిల్లు ఈ ఇంట్లో ఏ దిక్కున ఉందో కూడా పట్టని మనిషి.

బియ్యంలో ఇంకొకరి చెయ్యి పడకూడదనుకుంటే తప్ప ఎందుకు కొలుస్తాడు?

ఒక్క ఉదుటున వంటింట్లోకి పోయింది. వెనకనుంచి "అక్కడేం ఉంటది అమ్మాయ్!" అని గురవయ్య అరిచాడు. మూల బియ్యం డబ్బా. మూత తీసి చెయ్యి దించింది. మణికట్టు మునిగింది. మోచెయ్యి మునిగింది. భుజం డబ్బా అంచుకు తగిలినప్పుడు వేళ్ళకు గట్టిగా ఒక అంచు తగిలింది.

బయటికి తీసి దులిపింది. ముదురు నీలం అట్ట. మూడు సింహాల బొమ్మ. పేజీలు తిప్పింది. మడత లేదు, మరక లేదు.

వరండాలోకి వచ్చి దాన్ని పైకెత్తింది. సల్మాన్ గట్టిగా ఈల వేశాడు. తల్లి ఏడ్చేసింది.

"చూశారా!" గురవయ్య అందరికంటే ముందు అరిచాడు. "బియ్యం డబ్బా ఎవరిది? వంటింటిది! వర్జ్యమని చెప్పిందెవరు? ఇదే! ఏమే, ఇంట్లో దొంగని పెట్టుకుని ఇన్నాళ్ళు అన్నం తిన్నానంటే!"

లక్ష్మీతిరుపతమ్మ కళ్ళు తుడుచుకుంటూ లేచింది. "నాగమ్మా, నీకు నా కూతురు ఏం ద్రోహం చేసిందే? కడుపుకు తినేది మట్టా?"

"అమ్మా, ఆగు."

"ఎందుకాగాలి? నా తమ్ముడు అట్టాంటోడు కాదు."

"అక్కా, దొరికిందిగా, ఎక్కు! ఇంకా లేటైతే నేను గాల్లో తోలాలి," అన్నాడు సల్మాన్.

రమాదేవి పాస్‌పోర్టును జాకెట్టులో దోపుకుంది. కారు వైపు కాకుండా నాగమ్మ వైపు నడిచింది.

"అత్తా, ఎవరో నాకు తెలుసు. నేను చెప్పి వెళ్ళిపోవచ్చు. నేను చెప్తే మేనకోడలు మామని అన్నదంటారు. కారు సాగర్ దాటకముందే మాట మార్చేస్తారు. దొంగ అన్న ముద్ర నీ మీదే మిగుల్తది. నువ్వు చెప్పు."

"నాకు చెప్పమంది ఒక్కమాటే రమా," అంది నాగమ్మ, అరచేతులు చీరకు తుడుచుకుంటూ. "వర్జ్యం ఉందని మీ అమ్మకి చెప్పమన్నారు. చెప్పా. పొద్దున బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టబోతే ఆ చేతి మీద కొట్టారు. ఎందుకో తెలీలా. ఇప్పుడు తెలిసింది."

"ఎవరు కొట్టారు?"

"ఆయన..."

"ఆయన ఎవరే?" గురవయ్య నవ్వాడు. చేతులు కట్టుకుని తీరిగ్గా నిలబడ్డాడు. "చెప్పవే. పేరు చెప్పు. చెప్పలేదక్కా ఇది. అబద్ధానికి పేరు ఉండదుగా."

పక్క సందులో పెళ్ళి కారు కదిలింది. మేళం దూరమైంది.

నాగమ్మ మెడలోని పసుపుతాడును పిడికిట్లో గట్టిగా పట్టుకుంది. ఈసారి తల దించలేదు. భర్త కళ్ళలోకి సూటిగా చూస్తూ, గోడ అవతలి వాళ్ళకు కూడా వినపడేట్టు అంది.

"గురవయ్య. పాస్‌పోర్టు తీసింది గురవయ్య."