సామాను ఎక్కించిన బండి

ఉదయగిరిలో పదకొండేళ్ళు కాపురమున్న ఇల్లు ఖాళీ చేయడానికి తస్లీమాకు నాలుగు రోజులు పట్టింది. ఆమె బ్లౌజులు కుడుతుంది, మగ్గం పని చేస్తుంది. గిరాకీలో సగం ఆత్మకూరు, కలువాయి వైపు నుంచే వస్తోంది. ఆత్మకూరు బస్టాండుకు దగ్గర్లో, ముందు గది షాపుకూ వెనక రెండు గదులు కాపురానికీ పనికొచ్చే ఇల్లు దొరకగానే అడ్వాన్సు ఇచ్చి వచ్చేసింది. భర్త ఇషాక్ డ్రైవరు. ఏడు నెలలుగా రాత్రిపూట పాల వ్యాన్ తోలుతున్నాడు. అత్త షరీఫాకు ఊరు వదలడం ఇష్టం లేకపోయినా కోడలి మాట కాదనలేదు.

"కూలోళ్ళు వద్దు, డ్రైవరూ వద్దు. బండి ఒక్కటే బాడుగకు తెస్తా. నేనే తోలుతా, మనమే ఎక్కించుకుందాం," అన్నాడు ఇషాక్.

జూన్ మొదటి ఆదివారం పొద్దున ఆరింటికి మినీ లారీ తెచ్చి ఇంటి ముందు ఆపాడు. తొట్టి నిండా నీలం టార్పాలిన్ పరిచి, నాలుగు మూలలా తాడుతో బిగించి కట్టి ఉంది. దగ్గరికి వెళ్తే ఫినాయిల్ ఘాటు గుప్పుమంది.

"ఏందిది, ఆస్పత్రి వాసన?" అంది తస్లీమా.

"మన సామాను గదా అని బాగా కడిగించినా."

తస్లీమాకు ముచ్చటేసింది. బీరువా, మంచం, పరుపు, ఫ్రిడ్జ్, రెండు కుట్టు మిషన్లు, గిన్నెల గోతాలు ఒక్కొక్కటే ఎక్కించారు. బీరువా దగ్గర ఎదురింటి అబ్దుల్ సలాం వచ్చి ఒక చెయ్యి వేశాడు. చివరికి అట్టపెట్టె ఒకటి మిగిలింది. అందులో ఇవ్వాల్సిన బ్లౌజులున్నాయి. అయిదు కలువాయి కరుణశ్రీవి. వచ్చే శుక్రవారం ఆ అమ్మాయి పెళ్ళి.

"ఇది నా ఒళ్ళో పెట్టుకుంటా," అంది తస్లీమా.

"క్యాబిన్‌లో అమ్మీ కాళ్ళు చాపుకోవాల. ఇట్టా ఇయ్యి, గాలికి ఎగరకుండా మంచం కింద అడుగున పెడతా."

ఇచ్చింది.

ఎనిమిది దాటేసరికి ఎండ చురుక్కుమంది. ఉదయగిరి కొండ వెనక్కి పోయి, రోడ్డుకు రెండు వైపులా ముళ్ళ చిల్లచెట్లు, రాళ్ళ నేలలు మొదలయ్యాయి. మొదట వాసన పట్టింది షరీఫాయే.

"ఏందో చచ్చినట్టుండాది," అని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"పక్కన కోళ్ళ ఫారం ఉంటాదిలే అమ్మీ," అన్నాడు ఇషాక్.

అయిదు కిలోమీటర్లు పోయినా ఆ వాసన వెంటే ఉంది. అద్దాలు మూస్తే ఎక్కువైంది, తెరిస్తే ఇంకా ఎక్కువైంది. ఈగలు క్యాబిన్‌లోకి వచ్చాయి. తస్లీమా అడిగినప్పుడల్లా ఇషాక్ ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు, కళ్ళు మాత్రం రోడ్డు మీద నుంచి తిప్పడం లేదు. మర్రిపాడు ఇంకా కొంత దూరం ఉందనగా మోటార్ సైకిల్ మీద ఒకాయన బండి పక్కకు వచ్చి అరిచాడు.

"ఏం తోలకపోతా ఉండావురా? ఎనక కారతా ఉండాది! నా మొహాన పడె!" అని కాండ్రించి ఉమ్మి వెళ్ళిపోయాడు.

"ఆపండి," అంది తస్లీమా.

"ఇంకో పది నిమిషాల్లో..."

"ఆపండి అంటా ఉండా గదా!"

కల్వర్టు పక్కన ఆపాడు. తస్లీమా దిగి వెనక్కి వెళ్ళింది. వెనక తలుపు సందులోంచి నల్లగా, చిక్కగా ఏదో చుక్కలు చుక్కలుగా రోడ్డు మీద పడుతోంది. పడ్డ చోటల్లా ఈగలు వాలుతున్నాయి. ఇషాక్ వద్దంటున్నా వినకుండా ఆమె తలుపు గొళ్ళెం తీసి, పరుపు అంచు పట్టుకుని లాగింది. అడుగు భాగం తడిసి జిగటగా చేతికి తగిలింది. అక్కడక్కడా చిరిగిన టార్పాలిన్ మూల తాడు విప్పి ఎత్తింది.

తొట్టి అడుగున చెక్క పలకలున్నాయి. పైన శుభ్రంగానే ఉన్నాయి. సందుల్లో మాత్రం ఈకలు, పసుపుపచ్చ కొవ్వు, పేగు ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి. ఎండకు కరిగి పైకి ఉబుకుతున్నాయి. వాటి మధ్య అన్నం మెతుకుల్లా తెల్లని పురుగులు కదులుతున్నాయి. అప్పుడే వెనక్కి వచ్చిన షరీఫా అది చూసి, రోడ్డు పక్కకు పోయి భళ్ళున కక్కేసింది.

"ఎవురు ఈ బండి ఇచ్చినోడు?" అంటూ తస్లీమా బండి పక్కకు వచ్చింది. రేకు మీద పెంచలయ్య అనే పేరు, కింద ఫోన్ నంబరు రాసి ఉన్నాయి.

"నువ్వుండు, నేను మాట్లాడతా," అని ఇషాక్ ఫోన్ లాక్కోబోయాడు. ఆమె వెనక్కి జరిగి, స్పీకరులో పెట్టి నంబరు కొట్టింది.

"అన్నా, నీ బండి బాడుగకు తీసుకున్నోళ్ళం. మనుషుల సామాను ఎక్కించే బండేనా ఇది? పురుగులు పడి ఉండాది!"

అవతలి మనిషి నవ్వాడు. "బాడుగేంది చెల్లెమ్మా? మా డ్రైవరు ఇల్లు మారతా ఉండాడని ఒక పూట ఊరికే ఇచ్చినా."

"మీ డ్రైవరు ఎవురు?"

"ఇషాక్. ఏడు నెలల నుంచి ఆయనే గదా తోలేది! అంగళ్ళలో కోళ్ళ వేస్టు ఎత్తుకోని పోయి చేపల గుంటల్లో దించుతాడు. నువ్వు వాళ్ళింటామెవా? మొన్న మా గుంటలో చేపలు పంపిస్తినే, బాగుండినాయా?"

తస్లీమా ఫోన్ కట్ చేసింది.

ఇషాక్ చక్రం దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు. ముందుగా నోరు విప్పింది షరీఫా. నీళ్ళ సీసాతో నోరు పుక్కిలించి, కొడుకు ముందుకు వచ్చి నిలబడింది.

"సోమశిల డ్యాం చేప అని చెప్పి పెట్టినావు గదరా నా కంచంలో! ముళ్ళు తీసి మరీ పెట్టినావు."

"అమ్మీ..."

"ఈ పేగులు తిన్న చేపనా నాకు పెట్టింది? తౌబా, తౌబా." ఆమెకు మళ్ళీ వాంతి వచ్చింది.

తెల్లవారుజామున స్నానం చేసి, అత్తరు పూసుకుని ఇంటికొచ్చే భర్తను చూసి తస్లీమా మురిసిపోయేది. పాల వ్యాన్ పని శుభ్రమైన పనని వీధిలో అందరికీ చెప్పుకుంది. ముక్కలుగా కోసి తోలు తీసి తెచ్చే ఆ చేపలను కడిగి, కారం పట్టించి, తన చేత్తోనే వేయించింది. ఎదురింటికీ ఒక గిన్నె పంపింది. ఆ చేతులిప్పుడు తనవి కావనిపించి, ముందుకు చాపి దూరంగా పెట్టుకుంది.

"పాల వ్యాన్ అనినావే," అంది.

"నేను తోలే లారీని ఓనరు అమ్ముకున్నాక మూడు నెలలు ఊరికే కూర్చోలా? నువ్వు రాత్రీ పగలూ కుడతా ఉంటివి. ఈ పని దొరికింది. చెప్తే ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను."

"అందుకే చెప్పలా."

"ఈ వేస్టు చేపలకు ఏయకూడదని, పోలీసులు పట్టుకుంటారని కూడా తెలుసు గదా నీకు?"

అతను తొట్టి వైపు చెయ్యి చూపించాడు. "మూడుసార్లు కడిగినా తస్లీమా, బ్లీచింగ్ ఏసి. పలకలు ఊడదీయడానికి టైం లేకపాయ. ఊర్లో బండ్లన్నీ పెళ్ళిళ్ళకు పోయినాయి," అన్నాడు.

అప్పుడు ఆమెకు అట్టపెట్టె గుర్తొచ్చింది. మంచం కింది నుంచి లాగితే అడుగు ఊడి చేతికి వచ్చింది. మిగతావాళ్ళవి పైన ఉండి తడవలేదు కానీ, కరుణశ్రీ బ్లౌజుల్లో మూడు పాడయ్యాయి. ముహూర్తానికి కట్టుకునే చీర మీది బ్లౌజు, పద్దెనిమిది రోజులు మగ్గం మీద కూర్చుని జరీ కుట్టినది, వీపు మీద మురికి మరకతో తడిసి ఉంది. వాసన చూడాల్సిన పని కూడా లేకపోయింది.

ఇషాక్ దగ్గరికి వచ్చి చూశాడు. గొంతు తగ్గించి, "డ్రై క్లీనింగ్‌కు ఇద్దాం. మరక పోకపోతే దాని మీద ఇంకో పువ్వు కుట్టు. సెంటు కొట్టి ఇచ్చేస్తే ఎవురికి తెలస్తాది? వాళ్ళకు చెప్పబాకు," అన్నాడు.

తస్లీమా అతని వైపు చూసింది. బండి తొట్టిలో చూసిన దాని కంటే ఈ మాట ఆమెకు ఎక్కువ రోత పుట్టించింది.

"మా అందరికీ చేపలు పెట్టినట్టు, నా కస్టమర్లకు కూడా పెట్టమంటావా?"



"సామాను దించు," అందామె. "అంతా దించు. బండి తీసుకోనిపోయి పలకలు ఊడబీకి కడిగించుకోని రా. నేను దగ్గరుండి చూస్తే గానీ ఒక్క గరిటె కూడా మళ్ళీ ఎక్కించేది లేదు."

బీరువా, మంచం, ఫ్రిడ్జ్, మిషన్లు రోడ్డు పక్కన దించారు. పరుపును కల్వర్టు కింద పడేశారు. ఇషాక్ బండి తోలుకుని సర్వీసింగ్ సెంటరు వెతుక్కుంటూ మర్రిపాడు వైపు పోయాడు. అత్తాకోడళ్ళిద్దరూ బీరువా నీడలో ఒత్తుకుని కూర్చున్నారు. దారిన పోయే గొర్రెల కాపరి ఆగి, "ఆ ఫ్రిడ్జ్ ఎంతకమ్మతారు?" అని అడిగాడు. అమ్మకానికి కాదన్నా నమ్మలేదు.

"నా కొడుకే గదా, ఏమన్నా అంటానేమోనని ఎనకాడబాక," అంది షరీఫా. "నువ్వు తిట్టేది తిట్టు. నేను అడ్డం రాను."

"తిట్టబుద్ధి కూడా కాలా అమ్మీ."

రెండు గంటల తర్వాత బండి తిరిగొచ్చింది. తస్లీమా తొట్టిలోకి ఎక్కి, వంగి మూలమూలా చూసింది. అప్పటికీ ఇనుప రేకుకు వాసన అంటుకునే ఉంది కానీ పురుగులు లేవు. ఆత్మకూరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఇంటి ఓనరు హనుమాయమ్మ గుమ్మంలోనే ముక్కు మూసుకుంది.

"ఏంది తల్లా ఈ కంపు?"

పాల బండి అనో, దారిలో ఏదో తొక్కామనో చెప్పొచ్చు. "కోళ్ళ వేస్టు తోలే బండమ్మా. నాకు తెలీక ఎక్కించినా. అన్నీ కడిగి గాని లోపల పెట్టను," అంది తస్లీమా. హనుమాయమ్మ మొహం చిట్లించుకుని, పెరట్లో మోటారు వేసింది. సాయంత్రం దాకా అత్తాకోడళ్ళు సబ్బు నీళ్ళతో మంచం కోళ్ళు కూడా తోమారు.

సామాను దించాక ఇషాక్‌తో తస్లీమా ఒక్కటే చెప్పింది. "బండి ఇచ్చేసి, తాళం ఆయన చేతిలో పెట్టి బస్సులో రా. మళ్ళా అది ఎక్కేటట్టయితే ఇక్కడికి రాబాక."

దీపాలు పెట్టే వేళకు అతను బస్సు దిగి వచ్చాడు. అన్నం తిన్నాడు. తస్లీమా అతనికి ఎదురుగా కూర్చోలేకపోయింది. ముందు గదిలో మిషను పక్కన చాప వేసుకుని పడుకుంది.

తెల్లారి కలువాయి బస్సుకు బయల్దేరుతుంటే ఇషాక్ చెప్పులేసుకుని వెంట వచ్చాడు.

"నువ్వెందుకు?"

"పెట్టె అక్కడ పెట్టింది నేను గదా. నేనే చెప్తా."

ఆమె వద్దనలేదు, రమ్మనీ అనలేదు.

కరుణశ్రీ ఇంట్లో పెళ్ళి పందిరికి గుంతలు తీస్తున్నారు. తస్లీమా ప్లాస్టిక్ కవరు విప్పగానే కరుణశ్రీ రెండడుగులు వెనక్కి వేసింది. ఆమె అవ్వ ఓబులమ్మ పరుగున వచ్చి, కవరును పుల్లతో దూరంగా నెట్టింది. ఇషాక్ ముందుకు వచ్చి, ఆ బండి ఏం తోలుతుందో, అది తాను ఎన్ని నెలలు తోలాడో, ఇంట్లో ఏం చెప్పాడో అన్నీ చెప్పాడు.

"పెట్టె అడుగున పెట్టేటప్పుడు నీకు తెలుసునా?" అని అడిగింది కరుణశ్రీ.

"తెలుసు. కారదులే అనుకున్నా."

"శుభకార్యానికి ఇట్టాంటిది తాకిచ్చినావు. నీ మొహం చూడాలంటేనే నాకు రోతగా ఉండాది," అంది ఓబులమ్మ. "అవతలికి పోయి నిలబడు నాయనా."

అతను పోయి రోడ్డు మీద నిలబడ్డాడు. కరుణశ్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాసేపు లోపలికి వెళ్ళి, మిగిలిన పట్టు గుడ్డ తెచ్చి తస్లీమా ముందు పడేసింది.

"మగ్గం పని వద్దులే. టైం లేదు. ముహూర్తానిది ఒక్కటి సాదాగా కుట్టి గురువారానికి ఇయ్యి. నువ్వు చెప్పకుండా ఇచ్చి ఉంటే పీటల మీద అదే ఏసుకోని కూర్చునేదాన్ని," అని చెయ్యి దులుపుకుంది. "మా చెల్లెలి బ్లౌజులు మాత్రం వేరే చోట ఇస్తాం. ఏమీ అనుకోబాక."

తస్లీమా ఏమీ అనుకోలేదు. ఆ స్థానంలో తనున్నా అంతే చేసేది.

తిరుగు బస్సులో ఇద్దరికీ ఒకే సీటు దొరికింది. ఆమె పట్టు గుడ్డను ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపుకు జరిగింది. మధ్యలో ఇంకో మనిషి పట్టేంత ఖాళీ వదిలింది. అతని చొక్కా ఉతికిందే, అయినా ఆమె ముక్కు నమ్మడం లేదు.

బస్సు ఊరు దాటాక ఇషాక్ అన్నాడు. "టెంకాయల మండీలో డ్రైవరు కావాలంట. పగటి పనే."

"ఎవురు చెప్పినారు?"

"హనుమాయమ్మ గారు. ఈ రోజు పోయి కనుక్కుంటా."

తస్లీమా కిటికీలోంచి తల తిప్పకుండానే అంది. "ముందు ఆ బండి నేను చూడాల. ఓనరుతో నేను మాట్లాడాల. ఆ తర్వాత ఎక్కు."

"సరే," అన్నాడు.

ఆత్మకూరులో దిగాక ఆమె అతని కోసం ఆగలేదు. గురువారానికి మూడు రోజులే ఉన్నాయి. లైనింగు గుడ్డల అంగడి తెరిచే ఉందో లేదోనని బజారు వైపు గబగబా నడిచింది.