తొట్టి నిండని ఏడు

మనుషుల విషయంలో ఆ మాట అనకూడదు గానీ, మా బాప్టిస్టు సంఘానికి నూరేళ్లు నిండాయి. చరిత్ర రాయమని నాకు అంటగట్టారు. ఇరవై రెండేళ్లుగా కార్యదర్శిని కాబట్టి తప్పించుకోలేకపోయాను.

చరిత్ర అంటే పెద్దగా ఏమీ లేదు. మొదట పన్నెండుమంది ఒక కమ్మరి కొట్టులో కూడుకున్నారు. తరువాత రాతి గోడలు లేచాయి, వేదిక చెక్కల కింద బాప్తిస్మపు తొట్టి కట్టారు. పసిపిల్లల నుదుట నీళ్లు చల్లడం మా దగ్గర ఉండదు. ఊహ తెలిసి నమ్మినవాళ్లను నిలువునా ముంచి లేపుతాం. ఆ మునక పుస్తకంలోకి ఎక్కితేనే సభ్యత్వం. సభ్యులకే ప్రభువు బల్ల దగ్గర రొట్టె.

పుస్తకంలో అందరూ ఉన్నారు. తలుపత్త లేదు.

తలుపత్త అంటే మా గుమ్మం దగ్గర నిలబడే దర్జీ ముసలామె. నలభై ఒక్కేళ్లుగా, వచ్చినవాళ్లందరినీ చేయి పట్టుకుని లోపల కూర్చోబెడుతోంది. కొత్తవాళ్లు ఈ ఊళ్లో మొదట ఎరిగే మొహం ఆమెదే. పుస్తకం మూడుసార్లు తిరగేసి ఆమె కొట్టుకు వెళ్లాను. కుట్టుమిషను ఆపకుండానే విన్నది.

"పుస్తకంలో ఎందుకుంటాను బాబూ? నేను మునగలేదుగా. నేనొచ్చిన ఏడు బావులెండిపోయాయి. వానలు పడ్డాక బాప్తిస్మం ఇస్తానన్నారు అప్పటి పాస్టరుగారు. వానలు పడేసరికి ఆయన వేరే ఊరెళ్లిపోయారు. కొత్తాయన్ని గుమ్మంలోంచి లోపలికి తీసుకెళ్లింది నేనేనాయె. పాత సభ్యురాల్ననుకున్నారు."

"మరి చెప్పొచ్చుగా, అత్తా?"

"మొదటి నెల సిగ్గేసింది. పదో ఏడు భయమేసింది, ఇన్నాళ్లూ మోసం చేసిందంటారేమోనని." మిషను ఆపింది. "పోయేలోపు ఒక్కసారైనా ఆ రొట్టె నోట్లో వేసుకోవాలనుంది. కానీ ఇది బయటపడితే నన్ను ఆ గుమ్మం దగ్గర నిలబడనిస్తారా?"

అప్పుడు గుర్తొచ్చింది. రొట్టె పంచే వేళకు ఆమె ఎవరో ఒకరి చంటిబిడ్డను ఎత్తుకుని ఆవరణలోకి వెళ్లిపోయేది. ఎంత ఓపికో అని మెచ్చుకునేవాళ్లం. పళ్లెం పట్టుకుని వరసల మధ్య తిరిగింది నేనే. తల కొట్టేసినట్టయింది.

సంఘ కూటంలో ఉన్నదున్నట్టు చెప్పాను. వెనక వరసలోంచి మా సంఘపు వడ్రంగి లేచాడు.

"ఆవిణ్ణి అడగనిది మనం. తొట్టి ఎప్పుడు నింపాలో చెప్పండి, నేనొస్తా," అని కూర్చున్నాడు. సమ్మతమైతే చేతులెత్తమన్నారు పాస్టరుగారు. అన్ని చేతులూ లేచాయి.

ఆదివారం పొద్దున ఆమె మునిగి లేచింది. పొడిబట్టలు కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. పళ్లెం మొదట ఆమె దగ్గరకే తీసుకెళ్లాను. రొట్టె ముక్క తీసుకుని అరచేతిలో పెట్టుకుంది. అటూ ఇటూ చూసింది. అందరికీ అందాక కలిసి తినడం మా పద్ధతి. ఆ సంగతి సంఘంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

నా వైపు వంగి మెల్లగా అడిగింది: "ఇప్పుడే తినొచ్చా బాబూ, ఆగాలా?"

ఇంకా ఆగమని చెప్పడానికి నాకు నోరు రాలేదు.