కోడికన్నా ముందు కూసే బండి

మా బండి గొంతు వినకపోతే నాకు తెల్లవారదు. ఆ సంగతి అది మూగబోయాకే తెలిసింది.

రొట్టెల బండి అది. మా ఆయన బేకరీలో రొట్టెలు ఎత్తుకుని కొట్లన్నిటికీ వేసి వచ్చేవారు. మా పడకగది కిందే షెడ్డు. ఇంకా చీకటి ఉండగానే తాళం తిప్పేవారు. ఇక ఎవరో తలుపు కొడుతున్నట్టు టక్ టక్ టక్ టక్ అని ఒకటే గోల. సందు మలుపు తిరిగేసరికి ఆ చప్పుడు దానంతటదే ఆగిపోయేది. అప్పటిదాకా నోరు మూసుకుని పడుకునే రకం కాదు నేను. కిటికీ తీసి, "కోడికన్నా ముందు కూస్తుందండీ మీ డొక్కు బండి. దాని గొంతు నొక్కండి" అనేదాన్ని. ఆయన తల పైకెత్తి, "లేచావా? అయితే వెళ్ళొస్తా" అనేవారు. కాపురమంతా ఇదే సుప్రభాతం.

కొత్తలో ఆ గోలకి ఏడుపొచ్చేది, తర్వాత్తర్వాత కోపమొచ్చేది. ఇంకొన్నాళ్ళకి, అది వినబడలేదంటే ఆయనకి ఒంట్లో బాగాలేదని అర్థం. సీటు కింద ఒక రొట్టె ఎప్పుడూ విడిగా గుడ్డలో చుట్టి ఉంచేవారు. తిరిగొచ్చేసరికి దానికి డీజిల్ వాసన పట్టేది. అదే మా టిఫిను. ఇప్పుడు ఎంత మంచి రొట్టె తిన్నా ఏదో తక్కువైనట్టే ఉంటుంది నాకు.

ఆయన పోయాక బండి మా అమ్మాయి అందుకుంది. చప్పుడు అదే, కిటికీ మాత్రం నేను తీయలేదు. ఎవర్ని తిట్టను? దుప్పటి ముసుగేసుకుని, సందు చివరిదాకా వినేదాన్ని. వింటున్నంతసేపూ ఆయన కింద ఉన్నట్టే ఉండేది. ఈ మాట ఎవరితోనూ అనలేదు. నా నోటికున్న పేరుకి అలాంటి మాటలు నప్పవు.

అలాంటిది ఒకరోజు వంతెన మీద ఇంజిన్ పట్టేసింది. తాడు కట్టి లాక్కొచ్చారు. మా మరిది మెకానిక్కు. బట్టతల వచ్చినా ఇంట్లో అందరికీ చిన్నోడే. విప్పి చూసి పెదవి విరిచాడు.

"లోపలంతా పోయింది వదినా. ఈ రకం ఇంజిన్లు ఇప్పుడు చేయట్లేదు. తుక్కు కొట్లలో కూడా దొరకట్లేదు."

"అమ్మేద్దామమ్మా," అంది మా అమ్మాయి. "కొత్తది చూసుకుందాం."

"మీ నాన్న బండిని తుక్కుకి పంపుతావా? పంపు. నన్ను కూడా అందులోనే కూర్చోబెట్టి పంపు," అన్నాను.

చిన్నోడు మధ్యలో దూరాడు. వేరే దేశంలో ఇవే బళ్ళు ఇంకా తిరుగుతున్నాయట, అక్కడ విప్పేసిన ఇంజిన్లు ఓడల మీద వస్తాయట. ఫోన్లో ఫోటోలు చూసి, అమ్మేవాడితో వచ్చీరాని భాషలో బేరమాడి ఒకటి తెప్పించాడు. అది వచ్చేదాకా రొట్టెలు అద్దె బండిలో వెళ్ళాయి. ఆ బండి ఎప్పుడు వెళ్ళేదో నాకు తెలిసేది కాదు. మెలకువొచ్చేసరికి మొహం మీద ఎండ ఉండేది, రోజంతా తలకాయ బరువు.

చివరికి పెట్టె వచ్చింది. చెక్కలు ఊడదీస్తే, ఇల్లరికం అల్లుడిలా నిగనిగలాడుతూ కూర్చుని ఉంది ఇంజిన్. చిన్నోడు దాన్ని కింద దిమ్మల మీదే ఉంచి, బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేశాడు. చప్పుడే లేదు. పెంపుడు పిల్లి గురక పెట్టినట్టు మెత్తగా తిరిగింది.

"ఎంత హాయిగా ఉందో చిన్నాన్నా," అంది మా అమ్మాయి.

బండి దక్కించుకోవాలని నేను అంత గొడవ చేసింది ఈ మూగదాని కోసమా? రేకులు ఆయనవి, సీటు ఆయనది, గొంతు ఎవరిదో. చెబితే నవ్వుతారని ఊరుకున్నాను.

ఇంజిన్‌ని గొలుసుకి వేలాడదీసి బండిలోకి దించుతుంటే సగంలో ఆగిపోయింది. చిన్నోడు కిందకి దూరి చూసి, నెత్తి పట్టుకుని బయటికొచ్చాడు.

"ఏమైందిరా?"

"పొగగొట్టాలు స్టీరింగ్ రాడ్డుకి అడ్డొస్తున్నాయి వదినా. వాళ్ళకి స్టీరింగ్ ఎడమపక్క ఉంటుంది, మనకి కుడిపక్క. ఆ సంగతి నాకు తట్టనే లేదు. వాడు పంపిన ఫోటోలన్నీ రెండో పక్కవే."

"ఒక చెంప ఫోటో చూసి సంబంధం ఖాయం చేసుకున్నావన్నమాట," అన్నాను. "రెండో చెంప పెళ్ళయ్యాక చూస్తున్నావు."

వాడు తల గోక్కుంటూ, గోడవార పడున్న పాత ఇంజిన్ దగ్గరికెళ్ళాడు. దాని పక్కనున్న పొగగొట్టాల దిమ్మని ఊడదీశాడు.

"దీన్ని కొత్త ఇంజిన్‌కి బిగిస్తే సరిపోతుంది. బోల్టుల కన్నాలు అవే, గొట్టాల వంపే వేరు."

గుడ్డతో మసి తుడుస్తుంటే, ఆ ఇనుము మెడ దగ్గర వెంట్రుకంత పగులు కనబడింది.

"అదేంట్రా?"

"అదే వదినా నీ శత్రువు. టక్ టక్ అనేది ఇంజిన్ కాదు, ఇది. చల్లగా ఉన్నప్పుడు ఇందులోంచి పొగ తన్నుకొస్తుంది. కాస్త వేడెక్కితే ఇనుము సాగి మూసుకుపోతుంది."

"తెలిసి ఇన్నేళ్ళూ పూడ్చలేదా? నీకు చేతకాలేదా?"

"అన్నయ్య చెయ్యనివ్వలేదు. ఎన్నిసార్లు అడిగానో." వాడు గుడ్డ పక్కన పెట్టాడు. "'అది పూడిస్తే మీ వదిన లేవదురా. తను కిటికీలోంచి తిట్టకపోతే, ఇంట్లో ఏదో మర్చిపోయి బయల్దేరినట్టుంటుంది నాకు' అనేవాడు."

ఏడ్చాను. దాచుకోలేదు కూడా. ఎంత దొంగ మనిషి ఆయన. రోజూ నన్ను లేపి, నా తిట్లే దారిబత్తెంగా మూటగట్టుకుని వెళ్ళేవారన్నమాట. నేనేమో ఆ బండికి శాపనార్థాలు పెడుతూ కూర్చున్నాను.

"ఇప్పుడు పూడ్చేయనా వదినా? వెల్డింగుకి ఇస్తే ఇక చప్పుడే ఉండదు."

వద్దనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మా అమ్మాయి వైపు చూశాను. చలిలో లేచి బండి తీసేది తను. హాయిగా ఉందన్నదీ తనే.

"నడిపేది అది. దాన్నడుగు," అని పైకొచ్చేశాను. ఏం చెప్పిందో మళ్ళీ అడగలేదు. అడిగితే నా మొహం చూసి మాట మార్చేస్తుందని భయం.

ఇంజిన్ బిగించడం పూర్తయిన మర్నాడు చీకటితోనే కళ్ళు తెరుచుకుని పడుకున్నాను, అసలు నిద్ర పడితే కదా. కింద మా అమ్మాయి షెడ్డు తలుపు తీసింది. బండెక్కి తలుపు వేసుకుంది. తాళం తిప్పింది, ఇంజిన్ అందుకోలేదు. మళ్ళీ తిప్పింది.

టక్ టక్ టక్ టక్.

ఎప్పుడు లేచానో, ఎలా నడిచానో, కిటికీ దగ్గరున్నాను. గడియ బిగుసుకుపోయింది. అరచేత్తో బాది తీశాను.

"కోడికన్నా ముందు కూస్తుందే నీ డొక్కు బండి," అన్నాను. "దాని గొంతు నొక్కు."

బండి కదలకుండా అక్కడే ఉంది. మా అమ్మాయి అద్దం దించుకుని, ఎప్పట్నుంచో కిటికీ వైపే చూస్తోంది.

"లేచావా అమ్మా? అయితే వెళ్ళొస్తా."