హెలెన్ జూడోలో చేరింది

దానియేలు పెళ్ళాన్ని కొట్టడని చుట్టాలందరూ అనేవాళ్ళు. నిజమే, కొట్టేవాడు కాదు. తోసేవాడు. తలుపు మీదికి, గోడ మీదికి, ఒకసారి గ్యాస్ బండ మీదికి. తార్నాకలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారు. చర్చిలో కొయ్యర్ నడిపేవాడు. పిల్లల మీద ఏనాడూ చెయ్యెత్తలేదని మంచి పేరు.

హెలెన్ యూనివర్సిటీ కెమిస్ట్రీ ల్యాబ్‌లో అటెండరు. నలభై నాలుగేళ్ళు. జనవరిలో ఆమె మోచెయ్యి విరిగింది. బాత్రూంలో జారానని ల్యాబ్‌లో చెప్పింది. కట్టు విప్పిన వారం, డిగ్రీ చదివే కూతురు క్రిస్టినా పక్కన కూర్చుని, "మమ్మీ, కరాటేనో ఏదో నేర్చుకో," అంది. "నేను మాత్రం మధ్యలోకి రాలేను. నాకు డాడీ అంటే భయం."

క్యాంపస్ ఇండోర్ హాల్లో పొద్దున ఆరింటికి క్లాసులు. డాక్టరు నడవమన్నాడని ఇంట్లో చెప్పి, హెలెన్ వారం రోజులు అక్కడి బెంచీ మీద కూర్చుంది. కరాటే వాళ్ళు వరసగా నిలబడి గాలిని గుద్దుతూ అరిచేవాళ్ళు. అలాంటి అరుపు తన గొంతులోంచి రాదు. తైక్వాండో వాళ్ళ కాళ్ళు చెవుల దాకా లేచేవి. తన మోకాళ్ళు ల్యాబ్ మెట్లకే మొరాయిస్తాయి. బాక్సింగ్ నచ్చింది. ఒక బక్కపిల్ల సంచీని గుద్దుతుంటే మంచినీళ్ళు తాగడం కూడా మర్చిపోయి చూసింది.

జూడో కోచ్ కమలాకర్ మౌలాలి నుంచి స్కూటర్ మీద వచ్చేవాడు. ఏడో రోజు అతనే దగ్గరికొచ్చాడు.

"ఏందమ్మా, వారం సంది చూస్తున్నవ్. ఎవర్ని కొట్టాలె?"

"ఎవర్నీ కాదండీ. ఆరోగ్యం కోసం."

"గట్లయితే వాకింగ్ చాలు." అతను ఆమె మోచెయ్యి చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు. "గుద్దుతడా? నూకుతడా?"

హెలెన్ అటూ ఇటూ చూసింది. "తోస్తాడండీ."

"మరి బాక్సింగ్ ఎందుకు? మీదికొచ్చి నూకేటోడికి జూడోనే. కాని మూడు నెలలు పడుడే నేర్పిస్త. పడగొట్టుడు తర్వాత. ఒప్పుకుంటవా?"

"పడటం నాకు వచ్చండీ."

"వస్తే చెయ్యెందుకు ఇరుగుతది?"

అలా చేరింది. గడ్డం ఛాతీకి ఆనించడం, వీపు గుండ్రంగా చెయ్యడం, నేల తగిలే క్షణంలో అరచేత్తో మ్యాట్‌ని చరచడం. తన కూతురి వయసు పిల్లలు రోజుకి ముప్పైసార్లు ఆమెని ఎత్తి పడేసేవాళ్ళు. మొదటి నెల ఇంటికెళ్తూ దారంతా ఏడ్చేది. రెండో నెల ఏడుపు రాలేదు.

ఏప్రిల్లో చొక్కా ఇస్త్రీ సరిగా లేదని దానియేలు తోశాడు. హెలెన్ పడింది, నేలని చరిచింది, లేచి నిలబడింది. ఏమీ కాలేదు. అతను మళ్ళీ తోశాడు. మళ్ళీ లేచింది. తప్పుచేసిన లెక్కని చూసినట్టు ఆమెని ఎగాదిగా చూశాడు. మర్నాడు పొద్దున వెనకే వచ్చి, హాలు కిటికీలోంచి అంతా చూసి, ఒక్క మాటా అనకుండా వెళ్ళిపోయాడు. నిజంగానే ఏమీ అనడేమోనని హెలెన్ ఆశపడింది.

ఆ ఆదివారం ఇంట్లో ప్రార్థన కూడిక. హెలెన్ అన్న సామేలు, వదిన రాహేలు, చర్చివాళ్ళు పదిమంది వచ్చారు. భోజనాలయ్యాక దానియేలు చేతులు తుడుచుకుంటూ లేచాడు.

"మీకు తెలీదు కదూ, మా హెలెన్ పడటం నేర్చుకుంటోంది. చూడండి."

తోశాడు. ఆమె అరచెయ్యి గచ్చు మీద ఫట్‌మంది. అందరూ నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టారు.

"ఏదీ, ఇంకోసారి," అన్నాడు సామేలు.

ఇంకోసారి పడింది. చీర కుచ్చిళ్ళు జారితే పట్టుకుని లేచింది. రాహేలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. క్రిస్టినా కూడా చిన్నగా నవ్వింది, అందరూ నవ్వుతున్నారని.

"ఇప్పుడు కళ్ళు మూసుకో," అన్నాడు దానియేలు.

మూసుకుంది. ఈసారి కుట్టుమిషను వైపు తోశాడు. ఇనప అంచు నడుముకి కొట్టుకుంది. పళ్ళు బిగబట్టి లేచింది. నాలుగోసారి అతని చేతులు భుజాల మీద పడగానే, అతని కాలరూ చొక్కా చెయ్యీ దొరకపుచ్చుకుని గిర్రున తిరిగింది. పడగొట్టడం ఆమెకింకా ఎవరూ నేర్పలేదు. కానీ రెండు నెలలుగా పడుతున్న ఒంటికి, ఎలా పడేస్తారో తెలిసిపోయింది.

దానియేలుకి పడటం రాదు. చెయ్యి ముందుకు చాపాడు. ఎముక చప్పుడు వినగానే అదేమిటో హెలెన్‌కి తెలిసింది.

"ఛీ! కట్టుకున్నవాణ్ణి!" అని రాహేలు అరిచింది. సామేలు ఆటో కోసం పరిగెత్తాడు. క్రిస్టినా తండ్రి తల ఒళ్ళో పెట్టుకుని తల్లి వైపు చూసింది.

"ఊరికే ఆడుకుంటున్నారు కదా మమ్మీ!"

హెలెన్ నడుము దగ్గర జాకెట్టు అంచు నెత్తురుతో తడిసింది. దాన్నెవరూ చూడలేదు.

కుడిచేతికి నలభై అయిదు రోజులు కట్టు. కొయ్యర్ ఇంకొకరికిచ్చారు. క్రిస్టినా వారం తిరక్కుండానే కాచిగూడ హాస్టలుకి మారింది. ఇంట్లో ఇద్దరే మిగిలారు.

హెలెన్ అతన్ని పల్లెత్తు మాట అనలేదు. వేళకి వండింది, కలిపి తినిపించింది. నీళ్ళడిగితే మడతపెడుతున్న బట్టలన్నీ పూర్తిచేశాకే లేచేది. ఒకరోజు అతని వెనకనుంచి వెళ్తూ, దారి కోసం భుజం మీద చెయ్యి వేసింది. అతను బిగుసుకుపోయాడు. నమలడం ఆపేశాడు. ఆమె చెయ్యి తీసేసింది. మర్నాడు దారి ఖాళీగా ఉన్నా వేసింది. ఆ తర్వాత రోజూ వేసింది, రోజూ ఇంకాస్త ఎక్కువసేపు ఉంచింది. అతని చెమటకి అరచెయ్యి తడిసేది. అది తనకి నచ్చుతోందని ఆమెకి తెలుసు. ప్రార్థనలో మాత్రం ఆ సంగతి ఎత్తేది కాదు.

ఇప్పుడు పడగొట్టడం నేర్చుకుంటోంది. బాగా వస్తోందని కమలాకర్ అంటాడు. పొద్దున అయిదున్నరకి ఆమె బయల్దేరే వేళకి, దానియేలు చొక్కా గుండీలు పెట్టించుకోవడానికి మంచం మీద లేచి కూర్చుని ఉంటాడు.

"వచ్చాక పెడతాను," అని గడియ తీసుకుని వెళ్తుంది.