శౌరమ్మ మోకాళ్లు

నేను ఒక చెక్క గూడును. మనిషి కూర్చుంటే తల తగలనంత ఎత్తు, చేతులు చాపుకోలేనంత ఇరుకు. గుంటూరు అవతల రాతిగుంట మాత గుడి అనే పాత చర్చిలో, ఉత్తరపు తలుపు పక్కన నిలబడి నూరేళ్లు దాటింది. నా నడిమి గదిలో, తెర వెనక, గురువు కూర్చుంటాడు. పాపం చెప్పుకోవడానికి వచ్చినవాళ్లు పక్కన మోకరించి, సన్నటి జాలీకి నోరు దగ్గర పెట్టి చెప్పుకుంటారు. ఆయన వింటాడు, ప్రాయశ్చిత్తం చెబుతాడు, క్షమించి పంపిస్తాడు.

గైడు నన్ను ఇటలీ నుంచి ఓడలో తెచ్చారని అరిచి చెబుతుంటాడు. శుద్ధ అబద్ధం. నన్ను చేసింది ఈ ఊరి వడ్రంగి నాగభూషణాచారి. ఆయన ఈ మతం వాడు కాడు. పలకలు కోసి గోడకి ఆనించాక, ఇదెందుకని తెల్లదొర స్వాముల్ని అడిగాడు. సంగతి విని కాసేపు బీడీ కూడా వెలిగించలేదు. "అయితే ఈ చెక్క చాలదు స్వామీ. మాట బయటికి పోతుంది" అని కోసిన పలకలు పక్కన పడేసి, మందపు టేకు తెప్పించుకుని మళ్లీ మొదలుపెట్టాడు.

ఆయన మాట నేను నిలబెట్టాను. నాలో పడిన మాట ఇంతవరకూ బయటికి పోలేదు.

హైవే మీద 'చారిత్రక పుణ్యక్షేత్రం' అని బోర్డు పెట్టాక బస్సులు మొదలయ్యాయి. గుడి కమిటీ వాళ్లు నా టేకు మీద బంగారు రంగు పూయించారు, ఫోటోల్లో బాగా పడుతుందట. అప్పట్నించీ నా బతుకు రోతగా ఉంది. మోకరించే పలక కింద నమిలిన చూయింగ్ గమ్ములు. గురువు కూర్చునే చోట చిప్స్ పొట్లాలు. తలుపు మీద తాళంచెవితో చెక్కిన ప్రేమ పేర్లు. ఒకడు బిర్యానీ తిన్న చేతిని నా తెరకి తుడిచిపోయాడు. ఆ నూనె కంపు వారం వదల్లేదు.

అదంతా సహించాను. ఈ తపస్సుకాలంలో, ఈస్టరు ముందు నలభై రోజుల్లో, జరిగింది మాత్రం సహించలేను.

హైదరాబాదు బస్సులోంచి సాకేత్ అనే కుర్రాడు, హారిక అనే అమ్మాయి దిగారు. వీడియోలు తీసి ఫోనులో పెట్టడం వాళ్ల పని. సాకేత్ గురువులా మెడలో శాలువా వేసుకుని ఆయన చోట కూర్చుని తెర వేశాడు. హారిక ఎడమ పక్కన మోకరించి జాలీలోంచి వాణ్ని తీస్తోంది. "చెప్పు కుమారీ, ఎన్ని పానీపూరీలు దొంగిలించావ్?" అని వాడు, పగలబడి నవ్వుతూ ఆమె.

ఆ నవ్వు ఆగిన కాసేపటికి ఉత్తరపు తలుపులోంచి శౌరమ్మ వచ్చింది. పక్క ఊళ్లో బట్టలు కుడుతుంది, అరవై దాటిన మనిషి. నేను ఎరిగిన మనిషి కూడా. ఏటా వస్తుంది, మోకరిస్తుంది, చిన్నాచితకా చెప్పి లేచిపోతుంది. తెర వేసి, ఎడమ పక్కన ఒకరు మోకరించి ఉండేసరికి లోపల గురువున్నాడనుకుంది. కుడి పక్కన మోకాళ్లూనింది.

"దీవించండి స్వామీ, పాపం చేశాను. ఇన్నేళ్లూ చెప్పకుండా దాచింది ఒకటుంది."

సాకేత్ హారిక వైపు చూసి, వీడియో ఆపొద్దన్నట్టు వేలు ఆడించాడు.

ఆమె చెప్పింది నేను చెప్పను. అది బయటపడితే ఆమె చెల్లెలి కాపురం నిలవదు, అంతవరకే చెబుతాను. చెబుతూ రెండుసార్లు ఆగింది. చెప్పి, నుదురు నా చెక్కకి ఆనించి ఎదురుచూసింది. ఆ వెచ్చదనం ఇంకా నాకు తెలుస్తోంది.

వాడు గొంతు మార్చి అన్నాడు: "మోకాళ్ల మీద గుడి చుట్టూ మూడుసార్లు తిరుగు."

"చిత్తం స్వామీ" అని ఆమె వెళ్లింది.

బయట మిట్టమధ్యాహ్నపు ఎండ. గుడి చుట్టూ కంకర. తలుపులోంచి ఆమె ఒకసారి పాకుతూ పోవడం చూశాను. రెండోసారి వచ్చేసరికి చీర మోకాళ్ల దగ్గర ఎర్రగా ఉంది. "కంటెంట్ అదిరింది" అంటున్నాడు లోపల సాకేత్. హారిక నవ్వడం లేదు.

పక్కూళ్లో పూజ ముగించి అప్పుడే బండి దిగిన ఈ గుడి గురువు, ఫాదర్ రాయన్న, ఆమెని చూసి పరుగెత్తుకొచ్చాడు.

"ఏందమ్మా ఇది? ఎవరు చెయ్యమన్నారు?"

"మీరే గదా స్వామీ, ఇందాక లోపల."

ఆయన మొహం పాలిపోయింది. వచ్చి నా తెర పక్కకి లాగాడు.

"సారీ ఫాదర్, జస్ట్ ప్రాంక్. వీడియోలో ఆవిడ మొహం రాలేదు. గొంతు కూడా మార్చి పెడతాం" అన్నాడు సాకేత్, శాలువా మెడలోనే ఉంచుకుని.

ఫాదర్ చెయ్యి లేచింది. మళ్లీ కిందికి దిగింది. ఈలోగా హారికే ఫోను ఆయన ముందు పెట్టి వీడియో తుడిచేసింది. "ఎక్కడా మిగల్లేదు ఫాదర్, చూడండి" అంది.

శౌరమ్మ గోడ పట్టుకుని లోపలికి వచ్చింది. సాకేత్‌ని ఎగాదిగా చూసింది.

"నువ్వా అబ్బాయ్, విన్నది?"

వాడు తల దించుకున్నాడు.

"మొత్తం విన్నావా?"

"ఆ..."

"ఇన్నేళ్లు ఒక్కదాన్నే మోశా. ఇప్పుడు నువ్వూ మొయ్యాల. ఎక్కడా దించమాక."

వాడు మెడలోంచి శాలువా తీసేశాడు. వాళ్లిద్దరూ వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ వాడు నా తలుపు మెల్లగా మూశాడు. ఆ మర్యాద చూసి నాకు ఇంకా కంపరమెత్తింది.

"రా అమ్మా, కూర్చుందువుగాని. నేను వింటాను" అన్నాడు ఫాదర్, నన్ను చూపిస్తూ.

"మళ్లీ మొదట్నించీ చెప్పాలా స్వామీ?"

ఆమె నా వైపు చూసింది, చెత్తకుప్పని చూసినట్టు. "దాంట్లో వద్దు" అంది.

ఇద్దరూ ఉత్తరపు తలుపు బయట మెట్ల మీద కూర్చున్నారు. ఫాదర్ తన చేతిరుమాలు తడిపి ఆమె మోకాళ్లకి కట్టాడు. ఆమె గొంతు సవరించుకుని చెప్పడం మొదలుపెట్టింది.

సగంలో ఉండగా ఇంకో బస్సు వచ్చింది. నల్లకళ్లద్దాల మనిషి ఒకడు ఫోను ఎత్తి పట్టుకుని, కాస్త వెనక్కి నడిచి, గోపురం మొత్తం పట్టేలా సరిచూసుకున్నాడు.

"పెద్దమ్మా, కొంచెం పక్కకి జరగరా? ఫోటోలో అడ్డొస్తున్నారు."

శౌరమ్మ మాట ఆపింది. మెట్టు మీద చెయ్యి ఆనించి, పళ్లు బిగబట్టి, పక్కకి జరిగింది.