నంజప్పకు వణుకు వచ్చిన శుక్రవారం

సింహాసనం లేకపోయినా లోకం సాగుతుంది. ప్లాస్టిక్ కుర్చీ లేకపోతే పెళ్లి సాగదు, చావు సాగదు, దైవారాధన అసలే సాగదు. ఈ పరమసత్యాన్ని తమిళనాట బి. మల్లాపురంలో అందరికంటే ముందు గ్రహించిన మహానుభావుడు నంజప్ప. పందిళ్లూ కుర్చీలూ అద్దెకిచ్చే ఆ వ్యాపారి, క్రీస్తును నమ్ముకున్ననాటి నుంచి శుక్రవారపు ఇంటి కూటాలకు మాత్రం కుర్చీలను ఉచితంగా చేరవేసేవాడు.

ఆ కూటాల్లో ప్రార్థన ముదిరేసరికి పరిశుద్ధాత్మ దిగినవారు వణకడం రివాజు. పచ్చయమ్మాళ్ గాలికి మునగకొమ్మలా ఊగేది. సంఘపెద్ద కన్నప్పన్ ఘాట్ రోడ్డు ఎక్కుతున్న పాత బస్సులా అదిరేవాడు. నంజప్ప ఒక్కడే ఏళ్ల తరబడి పాతిన హద్దురాయిలా కూర్చునేవాడు. తనవంటి మొద్దులోకి దిగడానికి దేవుడు సైతం జంకుతున్నాడేమోనని అతని దిగులు. ఒకసారి ధైర్యం చేసి మోకాలిని తానే కదిపి చూశాడు. కాలు తిమ్మిరెక్కిందా అని కన్నప్పన్ దయతో పరామర్శించాడు.

ఈ శుక్రవారం కూటం వంతు అతని ఇంటికే వచ్చింది. దేవుడు తనకేం మేలు చేశాడో ఇంటివాడు సాక్ష్యం చెప్పి తీరాలి.

"ఏం చెప్పేదే?" అన్నాడు వాకిట్లో కుర్చీలు వేస్తూ, భార్య సరసమ్మతో. "కన్నప్పన్నకు సారాయి విడిపించినాడు. పచ్చయమ్మక్కకు పట్టిన పేయి దయ్యాన్ని విడిపించినాడు. నాకు విడిపించేదానికి ఏమీ లేకపాయె."

"నన్ను విడిపించమని అడిగేవు, చూసుకో!" అంది సరసమ్మ. "ఉండేది చెప్పు. లేనిదాన్ని యాడ తెస్తావు? ముందు ఆ కాలు విరిగిన కుర్చీ సంగతి చూడు. పాస్టరయ్య పడినాడంటే అదే పెద్ద సాక్ష్యం."

నంజప్ప ఆ పొట్టికాలి కింద అట్టముక్క మడిచి పెట్టి, కుర్చీని గోడవారకు నెట్టాడు.

అనుకున్నదానికంటే జనం ఎక్కువ వచ్చారు. పాటలయ్యాయి. ఊరందరికీ ఆసనాలు సమకూర్చే ఆ దాత, భయంతో కళ్లు మసకబారి, మిగిలిన ఒక్క కుర్చీలో కూలబడ్డాడు. లేచి నిలబడబోయి, మళ్లీ కూర్చున్నాడు. "కూర్చునే చెప్పన్నా" అన్నాడు పాస్టరు.

కంఠస్థం చేసిన గంభీరమైన తమిళ వాక్యాలన్నీ ఆ క్షణాన అతణ్ణి విడిచి వలసపోయాయి. ఇంటి తెలుగు ఒక్కటే మిగిలింది.

"అయ్యా, నాకు వణుకు రాదు. ఏడుపూ రాదు. మీరందరూ ఊగుతావుంటే, నేను ఏ కుర్చీ విరుగుతుందో అని చూస్తా కూర్చుంటాను. దేవుడు నన్ను మరిచిపోయినాడేమో అని భయం. అయినా తెల్లారితే ఆయన్నే పిలుస్తాను. ఇంకెవర్ని పిలిచేది? నాకు ఆయన తెలిసింది తక్కువే. ఆయనకు నేను తెలుసు కదా, అది చాలనుకున్నాను. ఊగినా, ఊగకున్నా, ఆయన వాకిలి విడిచి పోయేవాణ్ణి కాను."

ఆఖరి మాట చెప్తూ ముందుకు వంగాడు.

అప్పుడు వచ్చింది. భూగర్భంలోంచి ఏదో మహాశక్తి పాదాల గుండా నడుముకెక్కి, అతణ్ణి కుడికీ ఎడమకీ ఊపింది. ఆపుకోబోయిన కొద్దీ ఇంకా ఊగాడు.

"స్తోత్రం! దిగినాడప్పా, నంజప్పన్న మీదికి దిగినాడు!" అని కన్నప్పన్ కేక పెట్టాడు. పచ్చయమ్మాళ్ విస్మయంతో తాను ఊగడమే మరిచిపోయింది. వచ్చే శుక్రవారం ప్రార్థన నడిపించేది నంజప్పేనని పాస్టరు ప్రకటించాడు. నంజప్ప కళ్లవెంట నీళ్లు ధారలు కట్టాయి.

అందరూ వెళ్లాక, పట్టాభిషిక్తుడైన రాజులా కుర్చీలు ఒకదానిలో ఒకటి దూరుస్తూ అడిగాడు. "ఏమే, చూస్తివా?"

"చూసినాను." సరసమ్మ చీపురు ఆపి, అతను కూర్చున్న చోట వంగి దేన్నో తీసింది. "వచ్చే వారం ప్రార్థన నువ్వు చేయాల్సిందే. ఊగినా ఊగకున్నా పోనని అందరి ముందరా చెప్తివి. మాట తప్పొద్దు."

"ఎందుకు తప్పుతాను?"

ఆమె గుప్పిట విప్పింది. అందులో, కుర్చీకాలి కింద నుంచి జారిపోయిన అట్టముక్క ఉంది.