ఎడమకు ఒరిగే త్రాసు

నేను చేసిన అద్దాల పెట్టెలో నేనే కూర్చుని ఉన్నాను. త్రాసుకు గాలి తగలకుండా చేసే టేకు పెట్టె అది, మూరెడుకు మించదు, కానీ ఇప్పుడు మా కాకినాడ కొట్టంత ఉంది, అద్దాల బయట గోదావరి పారుతోంది, కాసేపటికి అదే కాలేజీ వరండా అవుతోంది, మళ్ళీ నీళ్ళవుతోంది, ఆ నీళ్ళ మీంచి చెప్పులు చేత్తో పట్టుకుని మా ఆవిడ ఇందుమతి నడిచి వచ్చి, పెట్టె తలుపు పైకి జరపబోయి ఆగి, "మళ్ళీ బిగుసుకుపోయిందండీ ఇది. వానాకాలం వస్తోంది, చిత్రిక ఇంకాస్త పట్టమన్నానా లేదా?" అంటోంది.

పోయి ఏడాది కావస్తున్నా నా చెక్కపనికి వంక పెట్టడం మానలేదు మహాతల్లి. నాకు కోపం రావాలి, కానీ సంతోషమే వస్తోంది.

మా మధ్య ఆ పాత ఇత్తడి త్రాసు ఉంది, కాలేజీ ప్రయోగశాలలో మూడు తరాలు పనిచేసింది, వెంట్రుక ముక్క వేసినా ముల్లు కదులుతుంది. మా కొట్లో పెట్టె పని నాది, త్రాసు పని ఆవిడది, వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకుంది. దీన్ని విప్పి, తుడిచి, మళ్ళీ బిగించి, సరిచూసేలోపే మంచాన పడింది. అప్పట్నుంచీ నేను ఎప్పుడు కూర్చుని చూసినా, పళ్ళేలు ఖాళీగా ఉన్నా సరే, ఎడమకు ఒరుగుతోంది. ఆవిడ చివరి పని తప్పిందని ఇంకొకరి నోట వినలేను.

"పొద్దున్నే దీనికోసం కాలేజీవాళ్ళొస్తారు. కాడకి ఎడమ కొమ్ము మీద ఆకురాయితో రెండు రుద్దులు రుద్దేస్తాను," అంటున్నాను.

"రుద్దేసిన ఇత్తడి మళ్ళీ మొలుస్తుందేంటండీ? దానికేం కాలేదు. మీరెక్కడ కూర్చుని చూస్తున్నారు?"

"నా పీట మీదే. ఎడంపక్క."

"మరి నా పీట మీద?"

కుడిపక్క ఖాళీ పీట వైపు చూస్తున్నాను. నీళ్ళు అద్దాల దాకా వచ్చి వెనక్కి పోతున్నాయి.

"ఒంటి వేడికి ఇత్తడి సాగుతుందండీ, ఆ పక్క కొమ్ము పొడుగై కిందికి ఒరుగుతుంది. ఇన్నాళ్ళూ మీరు ఆ పక్క, నేను ఈ పక్క కూర్చునేవాళ్ళం, చెరోవైపూ సరిపోయేది. ఇప్పుడు ఒక్క వైపే తగుల్తోంది."

"వచ్చావుగా. కూర్చో మరి."

ఆవిడ తన పీట మీద కూర్చుని, నా మాట కాదనలేనట్టు ముందుకు వంగి, కుడి కొమ్ముకు చెంప ఆనేంత దగ్గరగా వస్తోంది. ముల్లు కదలదు. ఇంకా వంగుతోంది, కదలదు.

"నేనెంత దగ్గరికొచ్చినా దానికి తెలీదండీ," అంటోంది నెమ్మదిగా.

నాకు ఏడుపొస్తోంది. త్రాసు మీదుగా చెయ్యి చాచి ఆవిడ చెయ్యి పట్టుకోబోతే ఎడమ పళ్ళెం మరీ కిందికి దిగిపోతోంది, దానితో నేలా వాలుతోంది, నీళ్ళు లోపలికి వస్తున్నాయి.

"చెయ్యి తీసెయ్యండి."

"తియ్యను. త్రాసు ఎటుపోతే నాకేం? నువ్వు లేవకు."

"నా చేత్తో చేసింది ఇదొక్కటే మిగిలిందండీ కొట్లో. కాస్త దూరంగా జరగండి దానికి."

ఆవిడ ఎప్పుడూ నన్నేదీ బతిమాలి ఎరగదు. నేను లేస్తున్నాను, తలుపు కింద నుంచి ఒంగి వరండాలోకి, వరండా చివరికి వెనక్కి నడుస్తున్నాను, నడిచేకొద్దీ పెట్టె చిన్నదవుతోంది, అందులో ఆవిడ ఎక్కడుందో కనిపించడం లేదు.

మెలకువ వచ్చింది. వీధి గదిలో మంచం మీద ఉన్నాను. తెల్లవారింది. తెరిచి ఉన్న తలుపులోంచి కొట్టు కనిపిస్తోంది, బల్ల మీద త్రాసు, దానికి అటొకటి ఇటొకటి ఖాళీ పీటలు. లేచి కూర్చుని, కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. ముల్లు నడిమి గీత మీద నిలబడి ఉంది.

వెళ్ళి నా పీట మీద కూర్చుని దగ్గర్నుంచి చూడాలని ప్రాణం కొట్టుకుంది. వెళ్ళలేదు.